ప్రశ్న వాళ్ళదే, జవాబూ వాళ్ళదే

ఒక ఎండాకాలం సెలవుల్లో మా ఎరుకల కాలనీలో పది రోజులు వీబీఎస్ జరిగింది. చర్చి అంటే పెద్ద కట్టడం అనుకోవద్దు. రేకుల కప్పు, మూడు పక్కల గోడ, నాలుగో పక్క మా వాళ్ళే అల్లిన వెదురు తడిక. నలభై మంది దాకా పిల్లలు వచ్చారు. టౌను నుంచి వచ్చిన సారు రంగుల పుస్తకాలు పంచి మార్కు సువార్త ఐదో అధ్యాయం చెప్పాడు. దయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగే మనిషిని యేసు బాగు చేస్తాడు. ఆ దయ్యాలు పందుల మందలో దూరుతాయి. రెండు వేల దాకా పందులు గట్టు మీద నుంచి ఉరికి నీళ్ళలో పడి చచ్చిపోతాయి. కథ అయిపోయింది, ఇక కంఠత వాక్యం అప్పజెప్పాలి. అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె లేచి అడిగింది: “ఆ పందులు ఎవురివి సార్? వాళ్ళకి దుడ్లు ఎవురిచ్చినారు?”

సారు కోప్పడలేదు. “అది మన పాఠంలో లేదమ్మా, కూర్చో” అన్నాడు. ఆ పిల్ల కూర్చుంది. మరుసటి రోజు రాలేదు.

మా ఇళ్ళలో పంది అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఆ ప్రశ్న అల్లరి ప్రశ్న కాదని తెలుస్తుంది. ఈనిన పంది ఒకటి ఇంట్లో ఉంటే అదే మాకు బ్యాంకు. బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు, పెళ్ళి, చావు అన్నీ దాని మీదే గడుస్తాయి. జబ్బు తగిలి ఒక వారంలో మంద అంతా పోయిన ఇళ్ళు మాకు తెలుసు. రెండు వేల పందులు ఒక్క పూటలో పోయాయంటే ఎన్ని కాలనీలు అడుక్కుతినాలో ఆ పిల్ల వేలి మీద లెక్క వేసుకోగలదు. పుస్తకం రాసినవాళ్ళు ఆ లెక్క వేయలేదు. వాళ్ళకు పంది అంటే అశుద్ధం, అంతే.

ఆ తర్వాత మేము కూర్చున్నాం. ‘మేము’ అంటే కాలనీ పెద్దలు, సండే స్కూలు చెప్పే అక్క ఒకామె, చదువుకున్న పిల్లలు నలుగురు, రాసేవాళ్ళం ఇద్దరు ముగ్గురం. మాలో చర్చికి పోయేవాళ్ళు ఉన్నారు, పోనివాళ్ళు ఉన్నారు, క్రిస్మస్‌కు మాత్రం పోయేవాళ్ళూ ఉన్నారు. వచ్చే ఏడు పిల్లలకు ఎట్లా చెప్పాలన్నదే మాట. ఒకరు పాత ప్రశ్నోత్తరి పద్ధతే మేలన్నారు. ఒకరు రంగుల పుస్తకం ఉంటేనే పిల్లలు వస్తారన్నారు. ఒక అవ్వ మాత్రం, “మన మాటలో చెప్తే ఏం పోయె?” అని గొణిగింది. తెగలేదు. తెగకపోగా, ఈ పద్ధతులన్నీ మన దగ్గరికి ఎట్లా వచ్చాయో ఒకసారి వెనక్కి తిరిగి చూద్దామనిపించింది. ఈ వ్యాసం అందుకే.

తెలుగు అక్షరం అచ్చులో కనబడిన తొలి పుస్తకాల్లోనే ప్రశ్నోత్తరి ఒకటి. మద్రాసులో పనిచేసిన జర్మన్ పాదిరి బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు నేర్చుకుని, మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగు చేశాడు. అది 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయింది. అరవవాళ్ళు మనల్ని వడుగులు అంటారు కదా, ఆయన కూడా తెలుగును ‘వడుగ’ భాష అనే పిలిచాడు. బైబిలును కూడా తెనిగించాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. అంటే మన భాషలో బైబిలు అచ్చు కాకముందే ప్రశ్న–జవాబు అచ్చయింది. ఇది చిన్న సంగతి కాదు. కథ కంటే ముందు జవాబు వచ్చింది.

లూథర్ అసలు పుస్తకం మీద మాకు కోపం లేదు. 1528 ప్రాంతంలో ఆయన సాక్సనీ పల్లెల్లో చర్చిలు చూడడానికి తిరిగాడు. జనానికే కాదు, పాదిర్లకు కూడా ఏమీ తెలియదని చూసి బాధపడి 1529లో ఆ చిన్న పుస్తకం రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు భోజనం. ఒక్కో మాట చెప్పి, దీనికి అర్థమేమని అడిగి, జవాబు చెబుతాడు. ఇంటి పెద్ద తన ఇంటివాళ్ళకు చెప్పుకోవడానికి రాసిన పుస్తకం అది. అన్నం తినే చోట, పడుకునే ముందు, తల్లిదండ్రుల నోట రావలసిన మాట. సముద్రం దాటి వచ్చేసరికి అది ఉపదేశి చేతిలో బెత్తంతో పాటు ఉండే పుస్తకం అయింది. ఇంటి పెద్ద ప్రేక్షకుడయ్యాడు.

షుల్ట్జ్ కంటే ముందే మన సీమకు ఇంకో పద్ధతి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి ఏళ్ళలో ఫ్రెంచి జెస్విట్ పాదిర్లు పుంగనూరులో దిగారు. కావి కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. తెలుగు, సంస్కృతం నేర్చుకుని పండితులతో వాదించారు. పెద్ద కులాలు ఒప్పుకుంటే కింది కులాలు వాటంతట అవే వస్తాయన్నది వాళ్ళ లెక్క. రాయలసీమలో కొన్ని రెడ్డి కుటుంబాలు వాళ్ళ మాట విన్నాయి కూడా. మనలాంటి వాళ్ళ గుడిసెల దాకా ఆ మాట రాలేదు, రావడానికి దారే పెట్టలేదు. కాబట్టి ఎక్కువసేపు అక్కడ ఆగడం లేదు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోవాలి. ఎవరికి చెప్పాలనుకుంటున్నామో దాన్ని బట్టే చెప్పే తీరు మారుతుందని వాళ్ళకు తెలుసు. సన్యాసి వేషం అందుకే. ఎరుకల గుడిసెకు సరిపోయే వేషం ఏదని మాత్రం వాళ్ళు ఆలోచించలేదు.

ఆ తర్వాత నూటయాభై ఏళ్ళకు అమెరికా నుంచి ఆర్కాటు మిషను వచ్చింది. స్కడ్డర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టిన మిషను అది. చిత్తూరు, మదనపల్లె అప్పట్లో మద్రాసు రాజధానిలోవే. ఆ మిషను మొదట్లో ఇంగ్లీషు బళ్ళు పెట్టడానికి ఇష్టపడలేదు, ఊరి భాషలో బోధించడమే పని అనుకుంది. జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లె చేరాడు. వైద్యం కూడా నేర్చినవాడు. అదే ఏడు నిజాం రాజ్యం మీదుగా గోదావరి దాకా సువార్త పుస్తకాలు అమ్ముకుంటూ పోయాడు. సంతలో నిలబడి ముందు తెలుగు పాట ఎత్తుకోవడం, జనం మూగాక మాట్లాడడం ఆయన పద్ధతి. తెలుగు బైబిలు సవరణ సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1908లో మదనపల్లెలోనే పోయాడు. పాటతో మొదలుపెట్టడం అన్నది మాకు నచ్చిన సంగతి. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు రాగం, తాళం కట్టి రాసిన కీర్తనలే ఈ నేలలో నిజమైన బోధకులు అయ్యాయి. చదువు రాని మా అవ్వలకు బైబిలు తెలిసింది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం వల్లనే, అదీ చెవితో.

అయితే ఆ మిషను పల్లెలకు పెట్టిన షరతులు కూడా చెప్పుకోవాలి. కొన్ని కుటుంబాలు కలిసి వస్తే బోధకుడిని పంపేవాళ్ళు. అందుకు వాళ్ళు విగ్రహాలు వదలాలి, ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మూడో షరతు విన్నప్పుడల్లా మాలో పెద్దవాళ్ళు తల దించుకుంటారు. ఆకలి వేసినవాడిని దేవుడి గురించి అడగక ముందే తిండి గురించి అడిగారు. రోగాలు వస్తాయని అన్నారేమో, శుభ్రత కోసమేమో. కానీ అవతలి ఊరివాళ్ళు అంతకు ముందు నుంచీ అదే మాటతో మనల్ని దూరం పెట్టారు కదా. కొత్త మతం బోధ కూడా అక్కడి నుంచే మొదలైతే, ఆ బోధలో మొదటి పాఠం సిగ్గు. అదే షరతుల వల్ల పల్లెకు ఒక బడి, ఒక పలక వచ్చాయన్నదీ నిజమే. రెండూ కలిసే వచ్చాయి.

తిరుపతి వైపు కథ వేరు. ఆగస్ట్ మిలియస్ అనే జర్మన్ పాదిరి 1865లో సూళ్ళూరుపేటలో హెర్మన్స్‌బర్గ్ మిషను పని మొదలుపెట్టాడు. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి, పుత్తూరు, కోడూరు వరుసగా వాళ్ళ స్టేషన్లయ్యాయి. చాలావరకు ఇప్పటి తిరుపతి జిల్లానే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వెళ్ళిపోవలసి వచ్చింది. పని అమెరికాలోని ఒహాయో సినడ్ చేతికి పోయింది. 1945లో అది దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘంగా తన కాళ్ళ మీద నిలబడింది. ఆ చర్చిల్లో చేరినవాళ్ళు ఎక్కువగా మాల, మాదిగ పేటలవాళ్ళు. మా యానాది అన్నదమ్ములు ఆ ఊళ్ళ చుట్టూ చెరువు గట్ల మీద, ఏటి ఒడ్డున ఉన్నా, ఎరుకలవాళ్ళం సంతల్లో బుట్టలు అమ్ముతూ ఉన్నా, చర్చి గడప దగ్గరే ఉండిపోయాం. తెల్లవాళ్ళు వద్దన్నారని కాదు. మేము ఒక చోట ఉండేవాళ్ళం కాదు. ప్రశ్నోత్తరికి ఒక చోట కూర్చునే మనిషి కావాలి.

ఆ పద్ధతిని తక్కువ చేయడం లేదు. మాలో ఒకరి మేనత్త పుత్తూరు పక్కన ఉపదేశి పెట్టిన రాత్రి బడిలో కిరసనాయిలు బుడ్డి కింద ప్రశ్నోత్తరి మొత్తం నోటికి నేర్చింది. అక్షరాలు కూడా అప్పుడే పట్టుబడ్డాయి. తర్వాత ఒక షావుకారు ప్రోనోటు మీద అంకె మార్చితే ఆమె చదివి పట్టుకుంది. ముసలితనంలో మతిమరుపు వచ్చి మనవళ్ళ పేర్లు మరిచిపోయినా, ప్రశ్న మొదలుపెడితే జవాబు చెప్పేది. నోటికి వచ్చిన మాట మనిషితో చివరిదాకా ఉంటుంది. అందుకే ప్రశ్నోత్తరి పూర్తిగా తీసేద్దామన్న పిల్లలతో మేము ఒప్పుకోలేదు.

ఇక మా జాతికి అన్నిటికంటే చేదుగా తగిలిన బోధ చర్చిలో జరగలేదు. సెటిల్మెంటులో జరిగింది.

ఉప్పు ఎరుకలవాళ్ళు గాడిదల మీద కోస్తా ఉప్పు వేసుకుని సీమకు వచ్చి, ఇక్కడి ధాన్యం తీసుకుని పోయేవాళ్ళు. 1860ల్లో మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా కడప వైపు రైలు పట్టాలు పడ్డాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. అడవి చట్టాలతో వెదురు, ఈత కూడా దూరమయ్యాయి. బతుకుతెరువు పోయి తిరిగే మనిషిని సర్కారు దొంగ అంది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే నేరస్థుడు. ఆ తర్వాత బాపట్ల దగ్గర స్టువర్టుపురం వచ్చింది, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఇంకొకటి. స్టువర్టుపురం పేరు మద్రాసు సర్కారు హోం మెంబరు హెరాల్డ్ స్టువర్ట్‌ది. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ ఈ పని మీద ఒక పుస్తకమే రాసి దానికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. నేరాన్ని రోగంగా చూసి వైద్యం చేసే శాస్త్రమట. ఆ వైద్యంలో పని ఒక మందు, ప్రార్థన ఇంకో మందు.

ఇక్కడే బోధన పద్ధతి గురించి మనం తెలుసుకోవలసింది ఉంది. హాజరు పిలిచే చేయీ, ప్రార్థన చేయించే చేయీ ఒకటే అయినప్పుడు ‘ఆమెన్’ అనే మాటకు అర్థం మారిపోతుంది. లోపల నమ్మి అన్నదా, పాసు కోసం అన్నదా ఎవరు చెప్పగలరు? చెప్పేవాడికి అక్కర్లేదు, అనేవాడికి గుర్తుండదు. అందులో మంచి మనుషులు లేరని కాదు. బడి చెప్పారు, పురుళ్ళు పోశారు, పోలీసుల దెబ్బల నుంచి కాపాడినవాళ్ళూ ఉన్నారు. ఆ బడుల నుంచి వచ్చిన మా వాళ్ళు ఉద్యోగాలు చేశారు. కానీ నువ్వు చెడ్డవాడివని ముందే తేల్చి, తర్వాత దేవుడి ప్రేమ గురించి చెప్పిన బోధ అది. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. పద్ధతి మాత్రం ఇప్పటికీ కొన్ని ప్రసంగాల్లో మిగిలి ఉంది. ఒక సాక్ష్యం కూడికలో మా పిల్లవాడిని “దొంగల జాతి నుంచి ప్రభువు రక్షించాడు” అని వేదిక మీదికి పిలిచారు. ఆ పిల్లవాడు ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. వాళ్ళ నాయన జీవితమంతా జల్లలు అల్లి అమ్మినవాడు. చప్పట్లు కొడుతుంటే ఆ నాయన వెనక వరుసలో కూర్చుని ఉన్నాడు.

రంగుల పుస్తకం కథకు వద్దాం. ఆదివారం బడి 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పెట్టినప్పుడు, వారమంతా ఫ్యాక్టరీల్లో నలిగిన పేదపిల్లలకు అక్షరాలు నేర్పే బడి. అమెరికాలో 1872లో అన్ని చర్చిలకూ ఒకే వరుస పాఠాలు ఉండాలని తీర్మానించారు. ఒక ఆదివారం లోకమంతా ఒకే పాఠం. ఇండియా సండే స్కూల్ యూనియన్ 1876లో ఏర్పడింది. లోకమంతటితో కలిసి చదువుతున్నామన్న సంతోషం అందులో ఉంది, కాదనలేము. అయితే లోకమంతటికీ ఒకటే పాఠం రాసేవాడు ఎక్కడో ఒక చోట కూర్చుని రాస్తాడు. ఆ చోట మంచు కురుస్తుంది. మా పిల్లల పుస్తకంలో గొర్రెల కాపరి వెనక మంచు కొండ ఉంది. రంగు వేయమంటే ఒక బుడ్డోడు దాన్ని ఉప్పు కుప్ప అనుకున్నాడు. మా తాతల వ్యాపారం వాడికెవరూ చెప్పలేదు, అయినా!

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. బయట కూడా చాలామంది పడ్డారు. రెండో వాటికన్ సభ 1962 నుంచి 1965 దాకా జరిగాక కతోలికులు పూజను ప్రజల భాషలోకి తెచ్చారు. బెంగుళూరులో 1967లో అమలోర్‌పవదాస్ నాయకత్వాన పెట్టిన కేంద్రం, జనం బతుకును పాఠంలోకి ఎట్లా తేవాలని పనిచేసింది. బ్రెజిల్‌లో పాలో ఫ్రేయిరే చదువు రాని కూలీలతో పనిచేసి, గురువు పోసేవాడు, శిష్యుడు పట్టుకునేవాడు అన్న పద్ధతిని బ్యాంకులో డబ్బు వేయడంతో పోల్చాడు. ఆయన పుస్తకాన్ని లాటిన్ అమెరికా చర్చిల్లో చదివారు, మన దేశంలోనూ చదివారు. మా కాలనీ దాకా అవేవీ రాలేదు. మా తొమ్మిదేళ్ళ పిల్ల అవేవీ చదవకుండానే అడిగింది.

మళ్ళీ కూర్చున్నప్పుడు పెద్ద గొడవ భాష మీద జరిగింది. మా కుర్రు భాష అరవానికి దగ్గర. చిత్తూరు, వేలూరు సంతల్లో మమ్మల్ని అరవవాళ్ళు అనుకుంటారు. దానికి లిపి లేదు. బడిలో మాట్లాడితే నవ్వుతారని పిల్లలు మానేశారు. చర్చిలో ఒక బోధకుడు అది దొంగ సంకేతాల భాష అని కూడా అన్నాడు. సాక్షాత్తు పోలీసు రికార్డుల్లో ఉండే మాట అది. ఇప్పుడు నలభై దాటినవాళ్ళే ధారాళంగా మాట్లాడతారు. “పిల్లలకే రాని భాషలో పిల్లలకు చెప్పి ఏం లాభం?” అని చదువుకున్న ఒకమ్మాయి అడిగింది. సరైన ప్రశ్నే. దానికి అవ్వ చెప్పిన జవాబు: “నేను చెప్తా, వాళ్ళు నవ్వుకోనీ. నవ్వుకుంటా నేర్చుకుంటారు.”

రెండో గొడవ ఎరుక మీద. మా అవ్వలు గద్దె చెప్పి బతికారు. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో సోదె చెప్పే దాసీపిల్ల కథ ఉంది. దాన్ని చెప్పిన ప్రతిసారీ అందరూ మా అవ్వల వైపు చూస్తారు. ఎరుక చెప్పడం మోసమని మాలో కొందరు గట్టిగా అంటారు, మానేశారు కూడా. ఇంకొందరు అది ఊరి ఆడవాళ్ళ కష్టం విని ఓదార్చే విద్య అంటారు. ఇది మాలో తెగలేదు. కానీ ఒక మాట మీద అందరం ఒప్పుకున్నాం. ఆ కథలో ఆ పిల్ల యజమానులు ఆమె నోటి మీద సంపాదించుకున్నారని కూడా ఉంది. ఆమె దాసి. సగం కథ చెప్పి వదలకూడదు.

పందుల కథ కూడా అంతే. దయ్యం తన పేరు లెజియను అంటుంది. తెలుగు బైబిల్లో ‘సేన’ అని ఉంటుంది. లెజియను అంటే రోమా సైన్యంలో వేలమంది దండు. పరాయి సైన్యం కింద నలిగిన ఊళ్ళో ఒక మనిషికి పిచ్చి పట్టి, ఆ పిచ్చికి సైన్యం పేరే ఉందంటే, సెటిల్మెంటు చూసిన తాతలున్న మాకు ఆ కథ వేరుగా వినిపిస్తుంది. పందులు కాసేవాళ్ళు ఊళ్ళోకి పరిగెత్తి చెప్పారని, ఊరివాళ్ళు యేసును వెళ్ళిపొమ్మని బతిమాలారని కూడా అక్కడే ఉంది. ఎందుకు బతిమాలారో మా పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మధ్యలో ఒకాయన, చర్చి రిజిస్టరులో పేరు ఉంటే ఎస్టీ సర్టిఫికెట్టు పోతుందని భయపెట్టాడు. అది తప్పు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, మాల మాదిగ క్రైస్తవుల బాధ అదే. తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. ఎరుకల పిల్ల ఏ దేవుడిని మొక్కినా ఎరుకలే. భయపడి పేరు దాచుకునే అవసరం లేనివాళ్ళం, భాష మాత్రం ఎందుకు దాచుకుంటున్నామో అని ఆ రోజు అనుకున్నాం.

చివరికి ఇట్లా అనుకున్నాం. ప్రశ్నోత్తరి ఉంటుంది గానీ ఆదివారానికి ఒక్క మాటే, అదీ ఇంట్లో పెద్దవాళ్ళు అప్పజెప్పించుకోవాలి. రంగుల పుస్తకం పది రోజులకే. మిగతా ఏడాదంతా మొదట కథ, అవ్వ కుర్రులో, తర్వాత అక్క తెలుగులో. ఆ తర్వాత పిల్లలు అడగాలి. వాళ్ళు అడిగేదాకా వాక్యం అప్పజెప్పించకూడదు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పాలి. పాస్టరు అయ్యగారికి ఈ చివరి మాట నచ్చలేదు. తెలియదంటే పిల్లల విశ్వాసం సడలుతుందని ఆయన దిగులు. ఆరు నెలలు చూద్దామన్నారు.

అడిగిన ప్రశ్నలు రాసిపెట్టడానికి ఒక నోటుబుక్కు కొన్నాం. మొదటి ప్రశ్న ఆ పిల్లదే రాశాం. ఆమెను ఇంటికి పోయి పిలుచుకొచ్చింది అవ్వ. ఒక ఆదివారం తడిక పక్కన కూర్చున్న పందుల తాత ఒకడు, చర్చికి ఎప్పుడూ రానివాడు, ఆ ప్రశ్న విని బీడీ ఆర్పి లెక్క కట్టాడు. తల్లి పందులు ఇన్ని, పిల్లలు ఇన్ని, ఇప్పటి ధరకు రెండు కోట్లకు తగ్గదన్నాడు. పిల్లలు నోరు తెరిచారు. “అయితే ఆ మనిషి బాగైనాడు కదా తాతా?” అని ఒకడు అడిగాడు. తాత చాలాసేపు ఏమీ అనలేదు. నోటుబుక్కులో అదీ రాసుకున్నాం.